ఇంకో రెండు చుట్లు

గువ్వ ఆ సాయంత్రం బడి నుంచి రెండు అట్టకొమ్మలు పట్టుకుని వచ్చింది. ఒక్కొక్కటి ఆ పిల్ల చెయ్యంత పొడవు. ఆకులు కత్తిరించి అతికించారు గానీ రంగు ఇంకా వెయ్యలేదు. వాటిని గోడకి ఆనించి, గుమ్మంలో చతికిలబడి బూట్లు విప్పుకుంది. కుడి బూటు ఇట్టే ఊడొచ్చింది. ఎడమ కాలికి మోకాలి కింద నుంచి మడమ దాకా నడకకి ఆసరాగా ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది కాబట్టి ఆ బూటు లేసులు మొత్తం వదులు చేస్తే గానీ రాదు. పట్టీతో పుట్టిందేమో అన్నంత అలవాటుగా, కిందికి చూడకుండానే లేసులు లాగేస్తూ, "నాన్నా, ఇంట్లో ఆకుపచ్చ రంగు ఉందా?" అంది.

వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్. హాల్లో కింద పాత పేపరు పరుచుకుని, అరిగిపోయిన లిఫ్టు తలుపు చక్రాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఏంటే అవి?"

"కొమ్మలు."

"అది కనిపిస్తూనే ఉంది. ఎవరివి?"

"నావే. నేను చెట్టుని."

అతను నవ్వాడు. "వాన డాన్సులో నువ్వు చినుకువి కదా?"

"నిన్నటిదాకా చినుకునే. ఇవాళ చెట్టుని చేశారు." రెండో బూటు కూడా ఊడింది. "అందరూ పరిగెత్తుకెళ్ళి గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకోవాలి కదా, నేను వెళ్ళేలోపే పాట మొదలైపోతోంది. నా చోటు ఖాళీగా ఉండిపోతోంది. పన్ను ఊడిన నోరులా ఉందన్నారు టీచర్. అందరూ నవ్వారు." ఆగి, "నేనూ నవ్వాననుకో," అంది.

మెకానిక్ చక్రం పక్కన పెట్టాడు. చేతులకి గ్రీజు ఉందని గుర్తొచ్చి, దగ్గరికి తీసుకోబోయినవాడు మోచేతులతోనే దాని భుజం తట్టాడు. "చెట్టు లేకపోతే వానలెక్కడివే పిచ్చిదానా. అసలు చెట్టే హీరో."

"చెట్టు కదలకూడదట," అంది గువ్వ.

అతను మళ్ళీ గుడ్డ అందుకున్నాడు. గువ్వ లేచి, కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి మొహం కడుక్కుంది. పాలు తాగింది. లెక్కల పుస్తకం తీసింది. ఏడవలేదు, అలగలేదు. ఏడిస్తే బాగుండేదేమో అనిపించింది అతనికి. ఏడ్చే పిల్లని ఎత్తుకోవచ్చు.

*

మర్నాడు పనికి వెళ్ళే దారిలో బడి దగ్గర బండి ఆపాడు. బడి పెద్ద హాల్లో, పాఠాలు మొదలవకముందే డాన్సు ప్రాక్టీసు జరుగుతోంది. తలుపు పక్కన నిలబడి చూశాడు.

డాన్సు టీచర్ సన్నగా, గొంతు బొంగురుపోయి ఉంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేత్తో పిల్లల భుజాలు పట్టి అటూ ఇటూ జరపడం. ముందు పిల్లనగ్రోవి పాట, అది గాలి. పిల్లలు రెండు పక్కల నుంచీ వరసలుగా వచ్చి వేదికంతా పరుచుకుంటారు. అది కాగానే టీచర్ "ఉండండి, ఉండండి, కదలొద్దు!" అని ఫోనులో రెండో పాట వెతుకుతుంది. అంతసేపూ పిల్లలు చేతులు చాపుకుని బొమ్మల్లా నిలబడతారు. ఒకడు ముక్కు గోక్కుంటాడు. తర్వాత డప్పులు. నెమ్మదిగా కొన్ని దెబ్బలు, అప్పుడు అందరూ ఉన్నచోటే గిరగిరా తిరుగుతారు. ఆ వెంటనే దడదడమని ఎనిమిది దెబ్బలు. ఆ ఎనిమిదిలో అందరూ పరుగున వచ్చి మధ్యలో వలయం కట్టాలి. తొమ్మిదో దెబ్బకి పాడే ఆవిడ "వానా" అని గొంతెత్తుతుంది, చేతులు కలుస్తాయి.

వెనక గోడ దగ్గర, రెండు కొమ్మలూ పైకెత్తి, గువ్వ నిలబడి ఉంది. చెట్టు కదలకూడదు కాబట్టి కదలడం లేదు. కళ్ళు మాత్రం పిల్లలందరి వెంటా తిరుగుతున్నాయి.

ప్రాక్టీసు మధ్యలో టీచర్ నీళ్ళు తాగడానికి వచ్చింది. అతన్ని చూసి, "చెప్పండి," అంది.

పదంతస్తుల పైన, తాడు పట్టుకుని లిఫ్టు గొయ్యిలోకి వేలాడే మనిషి, బడి టీచర్ ముందు గొంతు సవరించుకున్నాడు. "అదే... మా అమ్మాయి..."

"చెట్టు వాళ్ళ నాన్నగారా! చాలా బాగా నిలబడుతుందండీ. ఇంత ఓపికున్న పిల్లని నేను చూడలేదు."

పొగిడే మనిషితో పోట్లాట పెట్టుకోవడం ఎలాగో అతనికి రాదు. ఆమే మళ్ళీ, గొంతు తగ్గించి అంది. "నాకు మాత్రం ఇష్టమా? రెండు వారాలు చూశాను. పాపం అది పరిగెత్తబోయి ఒకసారి పడింది కూడా. నేను ఆగగలను గానీ పాట ఆగదు కదండీ."

అతను తల ఊపాడు. ఏదో ఒకటి అనకుండా వెనక్కి వెళ్ళడం చేతకాక, "ఆ రెండు పాటలూ విడివిడిగా ఎందుకున్నాయి?" అనడిగాడు.

"అదే నా తలనొప్పి! గాలి ఒకచోట దొరికింది, వాన ఒకచోట దొరికింది. స్టేజి మీద కూడా ఇలా ఫోను వెతుక్కుంటూ నిలబడితే పరువు పోతుంది. ఎవరైనా కలిపిస్తారేమోనని చూస్తున్నాను."

"నేను కలిపిస్తాను. ఇంట్లో కంప్యూటర్ ఉంది," అన్నాడు మెకానిక్.

అంతకుముందు ఆ కంప్యూటర్లో అతను కలిపిందీ లేదు, విడదీసిందీ లేదు. కరెంటు బిల్లు కట్టడం, గువ్వకి బొమ్మలు పెట్టడం, అంతే. కానీ టీచర్ మొహం విప్పారింది. అక్కడే నిలబడి రెండు పాటలూ అతని ఫోనుకి పంపేసింది. హాలు దాటి బయటికొచ్చాక, అడగవలసింది అడగకుండా ఇంకేదో పని నెత్తికెత్తుకున్నానని అతనికి అర్థమైంది.

*

ఆ రోజు పని ఒక పాత అపార్టుమెంటులో. లిఫ్టు తలుపు మనుషులు ఎక్కకముందే మూసుకుపోతోందని ఫిర్యాదు. మూడో అంతస్తు ముసలాయన చేతికర్ర అందులో ఇరుక్కుని రెండు ముక్కలైందట. మెకానిక్ పై గదిలో కంట్రోలు పెట్టె తెరిచి, తలుపు ఆగే సమయం పెంచాడు. కిందికి దిగి, ఇద్దరు కుర్రాళ్ళతో పాటు తనూ ఎక్కి చూశాడు. తలుపు తెరుచుకుంది, తాపీగా నిలబడింది, ముసలాయన కొత్త కర్రతో ఒక్కొక్క అడుగే వేసుకుంటూ లోపలికి వచ్చేదాకా కదల్లేదు.

"ఇప్పుడు మర్యాద నేర్చుకుంది," అన్నాడు ముసలాయన.

మెకానిక్ ఆ మాటకి నవ్వి, నవ్వు మధ్యలోనే ఆగిపోయాడు. తలుపుని ఆపగలిగినవాడు పాటని ఆపలేడా? ఆ ఎనిమిది డప్పు దెబ్బలు పదహారైతే గువ్వ తాపీగా నడిచే వెళ్ళొచ్చు.

ఇంటికి రాగానే స్నానం కూడా చెయ్యకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అది హాలు మూలన ఉంటుంది. మూసేసిన ఏదో ఆఫీసు నుంచి వచ్చిన పాత సరుకు. ఆన్ చేస్తే లోపలి ఫ్యాను లోడు లారీలా మూలుగుతుంది. పాటలు కోసి అతికించే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరుకుతుందని పనిలో తోటివాడు చెప్పాడు. దాన్ని దింపుకుని, వాన పాట అందులో తెరిచాడు. తెర నిండా నీలం రంగు గొంగళిపురుగు పాకినట్టు ఒక బొమ్మ వచ్చింది. లావుగా ఉన్నచోట డప్పులు, సన్నబడ్డచోట గాయని ఊపిరి.

అతని భార్య మందుల షాపులో కౌంటరు దగ్గర పని చేస్తుంది. ఇంటికి రాగానే భర్త మురికి బట్టలతో కుర్చీలో కనిపించేసరికి, "ఏంటి, కంప్యూటర్లో లిఫ్టు పెడుతున్నారా?" అంది.

"పాటని పొడుగు చేస్తున్నా."

"మీరా?" అని, ఆమె నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నవ్వడానికి కారణం కాసేపట్లో ఆమెకే దొరికింది. మెనూలో 'సాగదీయి' అన్న మాట కనిపించి మెకానిక్ దాన్ని నొక్కాడు. డప్పు కుళ్ళిన గుమ్మడికాయని కొట్టినట్టు మోగింది. గాయని జలుబు చేసి, పైగా నిద్రలో ఉన్నట్టు "వా...ఆ...ఆ" అంటూ పాడింది. వంటింట్లోంచి తల్లి, లెక్కలు చేసుకుంటున్న గువ్వ ఒకేసారి పకపకా నవ్వారు. అతనూ నవ్వి, దాన్ని చెరిపేశాడు.

సాగదీస్తే లాభం లేదు, కోసి అతకాలి. ఎనిమిది దెబ్బలున్న ముక్కని ఎంచుకుని, నకలు తీసి, దాని పక్కనే పెట్టాడు. వినిపించాడు. బాగానే ఉంది గానీ అతుకు దగ్గర 'టక్' మని చప్పుడు, ఎవరో పళ్ళమధ్య వేరుశనగ కొరికినట్టు. బొమ్మని బాగా పెద్దది చేసి చూశాడు. గీత పైకి లేచి ఉన్నచోట కోశాడు. నడిమి గీతని తాకినచోట కొయ్యాలన్నమాట. మళ్ళీ చేశాడు. ఈసారి టక్కు లేదు, కానీ ఎనిమిదో దెబ్బ తర్వాత డప్పు తోలు కాసేపు గుయ్యిమంటుంది కదా, ఆ గుయ్యి సగంలో తెగిపోయింది. రెండు ముక్కల అంచుల్నీ ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కించి, పాతది సన్నగిల్లుతుంటే కొత్తది లేచేలా చేశాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. అతుకు ఎక్కడుందో తనకే తెలియలేదు.

గాలి పాటనీ వాన పాటనీ కూడా అలాగే కలిపాడు. 'వాన' అని ఒక ఫైలు, 'వాన చివరిది' అని ఒకటి, 'వాన నిజంగా చివరిది' అని ఒకటి తయారయ్యాయి. భోజనానికి మూడోసారి పిలిచాక లేచాడు.

*

ఆదివారం పొద్దున్నే సోఫాని గోడకి నెట్టేశాడు. టీపాయి పడకగదిలోకి పోయింది. "గువ్వా, రా! నువ్వు ఆ కిటికీ దగ్గర నిలబడు. వలయంలో నీ చోటు ఇదిగో, ఈ తలుపు దగ్గర. పాట పెడతాను, నడిచి రా. పరిగెత్తక్కర్లేదు."

గువ్వ పట్టీ తొడుక్కుని వచ్చి నిలబడింది. పాట మొదలైంది. గాలి వీచింది, ఆగకుండానే వానలోకి వచ్చింది. డప్పులు దడదడలాడాయి. గువ్వ నడిచింది. ఎనిమిది దెబ్బలకి హాలు మధ్యకి వచ్చింది. పాట మొదలవుతుందన్న భయంతో దాని మొహం బిగుసుకుంది, కానీ డప్పు మళ్ళీ అందుకుంది. గువ్వ తలుపు దాకా వచ్చి నిలబడి, ఊపిరి పీల్చుకుని, చేతులు చాపింది. అప్పుడు మొదలైంది, "వానా" అని.

మెకానిక్ చప్పట్లు కొట్టాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న భార్య కూడా కొట్టింది.

గువ్వ చేతులు దింపింది. "నాన్నా, మిగతావాళ్ళు ఎనిమిదికే వచ్చేస్తారు కదా?"

"వస్తే రానీ."

"వచ్చి ఏం చేస్తారు?"

"ఏం చేస్తారు, నిలబడతారు."

"నిలబడి?"

అతను వంగి పాట ఆపేశాడు.

"నన్నే చూస్తారు," అంది గువ్వ. "అందరూ గుండ్రంగా నిలబడి, నేనెప్పుడొస్తానా అని చూస్తారు. కింద కూర్చున్నవాళ్ళూ చూస్తారు. డప్పు కూడా నాకోసమే కొడుతున్నట్టుంటుంది." కిందికి వంగి పట్టీ సర్దుకుంది. "దానికంటే చెట్టే నయం."

అది వెళ్ళి పడకగదిలో మంచం మీద, గోడవైపు తిరిగి పడుకుంది. మెకానిక్ సోఫాని మళ్ళీ యథాస్థానానికి లాగడానికి వంగి, లాగకుండానే దాని మీద కూర్చుండిపోయాడు. అపార్టుమెంటు లిఫ్టు గుర్తొచ్చింది. ముసలాయన ఒక్కొక్క అడుగే వేస్తుంటే, లోపల ముందే ఎక్కి ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు గడియారం చూసుకోలేదు, విసుక్కోలేదు. నవ్వుమొహాలతో ఆయన కాళ్ళనే చూశారు. ముసలాయన మాత్రం తల ఎత్తకుండా, మెడ ఎర్రబడి, గబగబా రాబోయి తూలాడు. అప్పుడు తను తలుపునే చూశాడు గానీ ఆయన్ని పట్టించుకోలేదు.

"నిన్న సాయంత్రమంతా కూర్చుని చేశాను," అన్నాడు భార్యతో. కోపంగా అనబోయాడు, దీనంగా వచ్చింది.

ఆమె వచ్చి పక్కన కూర్చుని, అతని వేళ్ళ సందుల్లో ఇంకా మిగిలిన గ్రీజుని గోటితో గీరింది. "నేనొకటి అడుగుతా. ఏం కావాలో దాన్ని అడిగారా?"

"డాన్సు కావాలంది కదా."

"అది చెప్పింది. మీరు అడిగారా అంటున్నా."

*

మధ్యాహ్నం అతను పడకగది గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళకుండా, "గువ్వా, నాకొక సాయం కావాలే," అన్నాడు.

గువ్వ దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కుంది.

"ఆ డాన్సు నాకు పూర్తిగా తెలియదు. నేను చూసింది ఒక్కసారి. ఎవరెప్పుడు ఎటు వెళ్తారో తెలియకుండా, ఎక్కడ పడితే అక్కడ అతికేశాను. తప్పు నాదే. నువ్వు చూపిస్తే ఇంకోచోట ప్రయత్నిస్తా. వద్దంటే వదిలేస్తా."

పిల్ల ఇటు తిరిగింది. జుట్టు మొహమంతా అంటుకుపోయి ఉంది. "నాకన్నీ తెలుసు," అంది బొంగురుగా. "చెట్టుకి అన్నీ కనిపిస్తాయి."

ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కుర్చీలో గువ్వ, స్టూలు మీద వాళ్ళ నాన్న. అతను నీలం గొంగళిపురుగుని చూపించి, ఇది గాలి, ఇది వాన, ఈ లావుపాటివి డప్పులు అని చెప్పాడు. గువ్వ చూపుడు వేలు తెర మీద పెట్టి మెల్లగా జరుపుతూ, పెదవులతో పాట లెక్క పెట్టుకుంది. ఇక్కడ రెండు జడల పిల్ల ముందుకొస్తుంది. ఇక్కడ బొద్దబ్బాయి ఎప్పుడూ తప్పు పక్కకి తిరుగుతాడు. ఇక్కడ టీచర్ "చేతులు, చేతులు" అని అరుస్తారు. దాని వేలు పరుగు డప్పుల దగ్గరికి రాకముందే ఆగింది.

"ఇక్కడ నాన్నా. ఇక్కడ పెంచు."

"ఇక్కడేం జరుగుతుంది?"

"గిరగిరా తిరుగుతారు. అందరికీ ఇదే ఇష్టం. కానీ రెండే చుట్లు, అంతలోనే అయిపోతుంది, అందరూ 'అబ్బా' అంటారు. ఇంకో రెండు చుట్లు ఉంటే..." అది కుర్చీలో నిటారుగా అయింది. "వాళ్ళు తిరుగుతుంటే నేను చేతులు చాపుకుని, తిరుగుతున్నట్టే కొంచెం కొంచెం మధ్యకి వెళ్ళిపోతా. అప్పుడు అందరికీ కళ్ళు తిరుగుతుంటాయి కదా! ఎవరెక్కడున్నారో ఎవరికీ కనిపించదు. పరుగు వచ్చేసరికి నేను సగం దూరంలో ఉంటా. ఆ మిగతా సగం ఎనిమిదిలో వచ్చేస్తా."

మెకానిక్ కూతురి మొహం వైపు చూశాడు. తెర వెలుగు దాని చెంపల మీద నీలంగా పడుతోంది. "మధ్యలో ఎవరికైనా తగిలితే?"

"తిరిగేటప్పుడు అందరూ అందరికీ తగులుతారు నాన్నా," అంది అది, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు.

పని మొదలైంది. పరుగు డప్పుల్లో అతికిన ముక్కని ముందు తీసేశారు. తిరుగుడు దెబ్బల్ని ఎంచుకున్నారు. కోయడం అతని వంతు, వినడం దాని వంతు. అతనికి వినిపించని టక్కు దానికి వినిపించేది. "ఉహూ. ఇంకా ఉంది." మళ్ళీ కోశాడు. "ఇప్పుడు డప్పాయన తొందరపడ్డాడు." వెంట్రుకవాసి జరిపాడు. "ఇప్పుడు సరిపోయింది." నాలుగు చుట్లూ వరుసగా వింటే బాగానే ఉంది. కానీ మొత్తం పాట మొదటినుంచి పెట్టి విన్నాక గువ్వ మొహం ముడిచింది.

"ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు."

"ఎవరు?"

"పాడే ఆవిడ. ఇదివరకు 'వానా' అనే ముందు ఒకసారి పీల్చుకునేది, 'స్స్' అని. నువ్వు కోసేశావు. ఊపిరి లేకుండా ఎలా పాడుతుంది పాపం?"

అతను పాత ఫైలు తెరిచి చూశాడు. నిజమే. ఎనిమిదో దెబ్బకీ గొంతుకీ మధ్య, సన్నటి దుమ్ముగీతలా, ఒక ఊపిరి ఉంది. నిన్న పొడుగు ముక్కని అతికేటప్పుడు చెత్త అనుకుని తీసిపారేశాడు. దాన్ని జాగ్రత్తగా కోసి తెచ్చి, దాని చోట దాన్ని పెట్టాడు. వినిపించాడు. డప్పులు ఆగాయి, ఎవరో చెవి పక్కనే నిలబడి ఊపిరి తీసుకున్నట్టయింది, ఆ తర్వాత గొంతు లేచింది. గువ్వకి తెలియకుండానే దాని చేతులు రెండు పక్కలకీ వచ్చాయి, పట్టుకోవడానికి.

టీ తెచ్చిన భార్య కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక, చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"పేరేం పెడదాం? 'వాన నిజంగా నిజంగా చివరిదా'?" అన్నాడు మెకానిక్.

"'వాన' అని పెట్టు చాలు," అంది గువ్వ. "మిగతావన్నీ తీసెయ్. టీచర్ తికమక పడతారు."

*

సోమవారం పొద్దున హాల్లో మెకానిక్ టీచర్ చేతికి పెన్ డ్రైవ్ ఇచ్చాడు. "రెండూ కలిపేశాను. వాన పాటలో తిరిగేచోట కొంచెం పొడుగైంది. పర్వాలేదనుకుంటా." అంతకంటే చెప్పాలని ఇంటి దగ్గర్నుంచి నాలుగు వాక్యాలు అనుకుంటూ వచ్చాడు గానీ, అవి దారిలోనే ఎక్కడో జారిపోయాయి.

"బతికించారు!" అని టీచర్ దాన్ని స్పీకరుకి పెట్టింది. చప్పట్లు కొట్టింది. "అందరూ మీమీ చోట్లకి! చెట్టూ, వెనక్కి!"

చెట్టు వెనక్కి వెళ్ళింది. కొమ్మలు రెంటినీ గోడకి ఆనించి, తిన్నగా ఎడమ వరస చివరికి నడిచి, రెండు జడల పిల్ల వెనక నిలబడింది. రెండు జడల పిల్ల తల తిప్పి చూసి, అరడుగు ముందుకి జరిగి చోటిచ్చింది. స్పీకరు వైపు తిరిగి బటన్లు నొక్కుతున్న టీచర్ అదేమీ చూడలేదు. మెకానిక్ చూశాడు. ఇలా చేస్తానని గువ్వ అతనికి చెప్పలేదు.

గాలి వచ్చింది. వరసలు కదిలాయి. పిల్లనగ్రోవి ఆగకుండానే డప్పుల్లోకి జారింది. బొమ్మల్లా నిలబడడానికి అలవాటుపడ్డ పిల్లలు ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే చేతులు చాపి తిరగడం మొదలుపెట్టారు. ఒక చుట్టు. రెండు. ఆగబోయారు, డప్పు ఆగలేదు. బొద్దబ్బాయి కిసుక్కున నవ్వి మూడో చుట్టు తిరిగాడు. వాడి నవ్వు పక్కవాళ్ళకి అంటుకుంది. హాలంతా జుట్లూ చేతులూ ఎగురుతున్నాయి. ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటున్నారు, నవ్వుతున్నారు. ఆ గందరగోళంలో ఒక పిల్ల, చేతులు చాపి, తల ఒక పక్కకి వాల్చి, పడవలా ఊగుతూ మధ్యకి వస్తోంది.

టీచర్ అప్పుడు చూసింది. గోడ దగ్గర ఒంటరిగా ఉన్న కొమ్మల్ని చూసింది. నోరు తెరిచింది. చెయ్యి స్పీకరు మీదికి వెళ్ళింది. దడదడమని పరుగు డప్పులు మొదలయ్యాయి. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఏడో దెబ్బకి గువ్వ ఇంకా రెండడుగుల దూరంలో ఉంది. ఎనిమిదో దెబ్బకి ఒక అడుగు. స్పీకరులో పాడే ఆవిడ ఊపిరి పీల్చుకుంది. గువ్వ ఎడమ కాలు ముందుకి వేసింది, కుడి కాలు దాన్ని చేరింది. రెండు జడల పిల్ల ఒక పక్కనుంచి, బొద్దబ్బాయి ఒక పక్కనుంచి దాని చేతులు అందుకున్నారు. "వానా" అని పాట లేచింది. వలయం పూర్తయింది, ఇదివరకటికంటే కొంచెం పెద్దదిగా.

టీచర్ పాట ఆపేసింది. పిల్లలు రొప్పుతూ నిలబడ్డారు.

"నువ్వెప్పుడొచ్చావ్ ఇక్కడికి?"

"అందరూ తిరుగుతున్నప్పుడు, టీచర్," అంది గువ్వ. చేతులు వదల్లేదు.

టీచర్ తలుపు వైపు చూసింది. మెకానిక్ చూపు దించుకుందామనుకున్నాడు గానీ దించుకోలేదు. ఆమె కాసేపు ఏదో లెక్క వేస్తున్నట్టు నిలబడి, ముఖం తుడుచుకుని, పిల్లల వైపు తిరిగింది. "బొద్దూ, నువ్వు కుడివైపు కదా తిరగాలి? ఎన్నిసార్లు చెప్పాలి? చినుకులన్నీ ఇంకోసారి మొదట్నుంచి." వెనక్కి వెళ్తున్న పిల్లల్లో గువ్వ ఆగి, గోడ దగ్గర కొమ్మల వైపు చూస్తే, "అవి అక్కడే ఉండనీ. గోడకి కట్టేద్దాం," అంది. క్షమించమనలేదు, మెచ్చుకోనూ లేదు. కానీ వరసలో గువ్వని ఒక చోటు ముందుకి జరిపి, భుజాలు పట్టి నిలబెట్టి, చేతులు ఎంత ఎత్తులో ఉండాలో మిగతావాళ్ళకి చూపించినట్టే దానికీ చూపించింది.

మూడుసార్లు చేశారు. ఒకసారి గువ్వ ఆలస్యమైంది. ఒకసారి బొద్దబ్బాయి పడ్డాడు. మూడోసారి అంతా కుదిరింది. బడి గంట మోగి పిల్లలు సంచుల కోసం ఎగబడ్డాక టీచర్ మెకానిక్ దగ్గరికి వచ్చింది.

"బాగా అతికారండీ. ఎక్కడ కలిపారో తెలియట్లేదు." గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఇంకో చిన్న సాయం. చివర్లో వాన ఆగాక పిల్లలు మెట్లు దిగి కిందికి పోవాలి. సగం మంది దిగకముందే పాట అయిపోతుంది. చిన్నపిల్లలు తోసుకుంటారు, మొన్న ఒకడి మోచెయ్యి గీసుకుపోయింది. అక్కడ కూడా కొంచెం పొడుగు చేసిపెడతారా?"

"నాకు రాదండీ," అన్నాడు మెకానిక్.

"అదేంటి, ఇది చేసింది మీరే కదా?"

"నేను మౌసు పట్టుకున్నాను, అంతే. ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ అతకాలో చెప్పింది ఈవిడ. దాన్నే అడగండి."

గువ్వ అప్పుడే సంచి భుజానికి తగిలించుకుని వచ్చింది. చెమటకి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. టీచర్ దాని వైపు, వాళ్ళ నాన్న వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని, పిల్ల ఎత్తుకి వంగింది.

"ఏమ్మా, అవుతుందా?"

గువ్వ వేదిక వైపు తిరిగి మెట్లు చూసింది. పెదవులతో ఏదో లెక్కపెట్టుకుంది.

"డప్పుతో కావాలా టీచర్, పిల్లనగ్రోవితోనా?"

"ఏదైతే బాగుంటుంది?"

"పిల్లనగ్రోవి," అంది గువ్వ. "డప్పు పెడితే మళ్ళీ పరిగెడతారు."